రాణి చేతి గింజలు

"ఈసారీ మొలవలేదు కదా?"

నారాయణమ్మ పెరటి అరుగు మీద కూర్చుని చింతపండు కొడుతూ అడిగింది. అడిగినట్టు లేదు, తీర్పు చదివినట్టుంది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఒక చింతగింజ ఎగిరి కింద దొర్లుతోంది.

నీలావతి పెరట్లో గుంత పక్కన గొంతుక్కూర్చుని వేలితో మట్టి కెలుకుతోంది. సొరగింజ పెట్టి తొమ్మిది రోజులైంది. మొలక వస్తే ఈపాటికి మట్టి పగిలి పచ్చగా కనబడాలి. చేతికి తగిలిన గింజ మెత్తగా కుళ్లిపోయి ఉంది.

"అడిగేది నిన్నే నీలావతీ. మొలిచినాదా, లేదా?"

"లేదత్తా."

"మూడుసార్లు. ఎనిమిది గింజలు. ఇంగ నాలుగే ఉండాయి. అవి కూడా నీ చేత్తోనే మన్ను పాలు చేస్తావా?"

కోడలు మట్టి చేతులు చీరకు తుడుచుకుంది. తిట్టు కొత్తది కాదు. నెల రోజులుగా పొద్దున కాఫీతో పాటు అదీ వస్తోంది. కొత్తగా ఉన్నదల్లా, ఈ మధ్య ఆ తిట్టును తానూ నమ్మడం మొదలుపెట్టడమే.

ఊరంతా పొట్లాల విత్తనాలే కొంటుంది. పొడుగు సొర, పెనుకొండ అంగట్లో దొరికేది. ఈ ఇంటి సొర వేరు. గుండ్రంగా, కడుపు నిండిన బిందెలా కాస్తుంది. పెళ్లయి గాండ్లపెంట నుంచి వచ్చేటప్పుడు నారాయణమ్మ కొంగున కట్టుకొచ్చిన గింజ. యాభై రెండేళ్లుగా ఏ ఏడూ తప్పకుండా ఈ పెరట్లో పాకింది. పోయిన దీపావళికి ఇల్లు రెండు వాటాలయినప్పుడు, పెరడు మధ్య గోడకు పునాది తవ్విన మేస్త్రీ దాని వేరు కూడా తెంచేశాడు. తీగ వాడిపోయాక సగం ముదిరిన కాయ ఒక్కటే మిగిలింది. దాన్ని చీలిస్తే గట్టి గింజలు పన్నెండే దొరికాయి.

ఉగాది ఐదు రోజుల్లో ఉంది. ఎండలు ముదిరాక పెడితే తీగ పాకదు. వచ్చే ఏడాది దాకా ఆ నాలుగు గింజలు బతికుంటాయన్న నమ్మకం నారాయణమ్మకు లేదు. తాను బతికుంటానన్న నమ్మకం మాత్రం బాగానే ఉంది.

"రాణిని పిలుస్తా" అంది ఆవిడ, సుత్తి పక్కన పెట్టి.

నీలావతి చటుక్కున తల ఎత్తింది.

అప్పుడే పట్టుపురుగుల షెడ్డు నుంచి కాఫీ కోసం వచ్చిన పెద్దకొడుకు హనుమంతరాయుడు గడపలోనే ఆగిపోయాడు. "ఎవురిని పిలిచేది?"

"నీ తమ్ముని పెండ్లాన్ని. పదకొండుకు లారీ వస్తాదంట. హిందూపురం పోయేలోపల ఆ నాలుగూ పెట్టిపోనీ."

"ఆయమ్మ చేతి గింజ మాకేమీ అక్కరలేదు."

"నీకు అక్కరలేదు. నాకు కావల్ల."

"అమ్మా, బోరు నీళ్ల కాడ వాడు నన్ను ఎట్ల మాట్లాడినాడో మర్సిపోయినావా? నడివీధిలో, పది మంది ముందర!"

"నువ్వు తక్కువ మాట్లాడినావా? ఇద్దరూ కలిసి నా పెరడు నరికినారు. ఇంగ నా గింజ మింద కూడా మాట చెప్తావా? మీ నాయన బతికున్నప్పుడు కూడా దాని జోలికి రాలే. గమ్మునుండు."

యాభై ఏళ్ల హనుమంతరాయుడు గమ్మునున్నాడు. కాఫీ గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్లీ షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

"నువ్వేమంటావే?" అత్త కోడలి వైపు తిరిగింది. "పిలవనా, వద్దా?"

నీలావతికి పిలవమని చెప్పాలనుంది. ఐదు నెలలుగా అదే ఉంది. గోడ ఎక్కి అరవాలనుంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"నీ ఇష్టం అత్తా. మధ్యలో నన్నెందుకు లాగుతావు?"

"నీ మొగంలో ఉండేది నీ నోట్లో ఉంటే ఈ గోడే లేకపోవును" అని నారాయణమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.

ఆ గోడకు రెండు వైపులా తిరిగే హక్కు ఇంట్లో ఇద్దరికే ఉంది. ఒకరు నెలకొక కొడుకు ఇంట్లో వంతు తినే నారాయణమ్మ. రెండోది పిల్లి.

*

రాణి ధర్మవరం పిల్ల. మగ్గాలున్న ఇంట్లో పుట్టి పెరిగింది. పద్నాలుగేళ్ల కిందట కోడలుగా వచ్చినప్పుడు పేడ ఎరువు చూసి ముక్కు మూసుకుంది. ఏ ఆకు కలుపో, ఏ ఆకు మొక్కో తెలియక ఒకరోజు మిరప నారంతా పీకి కుప్ప పెట్టింది. నీలావతి తిట్టలేదు. కడుపు పట్టుకుని నవ్వి, మరునాడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. గుంత ఎంత లోతు తీయాలి, ఎరువు ఎంత కలపాలి, స్నానాల నీళ్లు ఎటు మళ్లించాలి, సొరగింజ ముక్కు ఎప్పుడూ కిందికే ఎందుకు ఉండాలి.

రెండేళ్లు తిరిగేసరికి గురువును మించింది శిష్యురాలు. రాణి పెట్టిన గింజ మొలవకపోవడమన్నది లేదు. ఉగాది ముందు ఊళ్లోని ఆడవాళ్లు గింజలు కొంగున కట్టుకుని వచ్చేవాళ్లు. "రాణీ, ఒక్కటన్నా నీ చేత్తో పెట్టమ్మా, నీ చెయ్యి మంచిది." అలా అన్నప్పుడల్లా రాణి సిగ్గుపడి నీలావతి వైపు చూసేది. నీలావతికి గర్వంగా ఉండేది. అసూయ ఎప్పుడూ లేదని మాత్రం చెప్పలేం. ఉండేది, కొంచెం.

ఆ కొంచెమే దీపావళి నాడు నోట్లోంచి బయటపడింది.

అన్నదమ్ములు బోరు నీళ్ల వంతు కోసం అరుచుకుంటుంటే రాణి మధ్యలోకి వచ్చి, "బావా, మొక్కలు ఎండిపోతాండాయి, ఒక్క గంట వదులు" అంది. అంతే. మొగుడి పక్షాన నిలబడాలన్న ఆవేశంలో నీలావతి గొంతెత్తింది.

"మగ్గం గుంతలో పుట్టినదానివి, నీకు మన్ను సంగతేం తెలుసే?"

రాణి తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత కొళాయి దగ్గరికి వెళ్లి గోళ్లలో మట్టి పోయేదాకా కడుక్కుంది. ఆ రోజు నుంచి మట్టి ముట్టలేదు. గోడకు అటువైపు పెరడు ఐదు నెలలుగా బోడిగా ఉంది. కొత్తిమీర కట్ట కూడా అంగట్లో కొంటోందని నారాయణమ్మ చెబితే, ఆ రాత్రి నీలావతికి అన్నం సహించలేదు.

రాణి పెట్టిన మల్లెపొద మాత్రం గోడకు ఇటువైపు ఉండిపోయింది. ఫాల్గుణం రాగానే విరగబూసింది. నీలావతి రోజూ అలవాటు కొద్దీ రెండు మూరలు కడుతుంది. ఒకటి తనకు. రెండోదాన్ని ఏం చేయాలో తెలియక దేవుడి పటానికి వేస్తుంది. ఆ దేవుడు ఈ ఏడాది పెట్టి పుట్టాడు.

ఇప్పుడు గోడ అవతల సామాన్లు సర్దుతున్న చప్పుడు. నీలావతి కదలకుండా నిలబడి వింటోంది. అది ఇత్తడి బిందె. అది పప్పు డబ్బాల అర. అది సరస్వతి పూజ నాడు ఇద్దరూ కలిసి హిందూపురం సంతలో కొన్న ఇనప పెనం. ఏ చప్పుడు దేనిదో చూడకుండానే తెలుస్తోంది. పిల్లల చదువులకని రాణి మొగుడు రవికుమార్ హిందూపురంలో ఇల్లు తీసుకున్నాడు. ఇక్కడి వాటాకు తాళం పడుతుంది. మళ్లీ ఏ పండక్కో వస్తారో రారో. తన కూతురు సాయిశ్రీ బెంగళూరులో నర్సింగు చదవడానికి వెళ్లినప్పుడు కూడా నీలావతికి ఇంత దిగులు కలగలేదు. కూతురు సెలవులకు వస్తుంది. రాణి ఎందుకు వస్తుంది?

అరగంటకు నారాయణమ్మ తిరిగి వచ్చింది.

"వస్తాదంట. సామాన్లు ఎక్కించినాక."

"ఏమనింది?"

"ఏమంటాది? వస్తాననింది."

నీలావతి గబగబా పార తీసుకుని పాత గుంతలు వదిలేసి, గోడకు దూరంగా ఎండ తగిలే చోట కొత్తవి నాలుగు తీసింది. మాగిన మేకల ఎరువు తెచ్చి కలిపింది. చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి తల దువ్వుకుంది. చీర మార్చుకోబోయి, గింజలు పెట్టడానికి వచ్చే మనిషికోసం చీర మార్చడమేమిటని తన మీద తనకే నవ్వొచ్చింది. అయినా మార్చుకుంది.

తర్వాత గింజల కోసం అటక మీది పిడత దించింది.

*

విత్తనాలు బూడిదలో కలిపి పిడతలో దాచడం ఆ ఇంటి వాడుక. నీలావతి మూత తీసి చెయ్యి లోపల పెట్టింది. నిన్న చింతకాయ పెంకులు తీస్తుంటే గుచ్చుకుని చీలిన వేలు భగ్గుమని మండింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. బూడిద ఎక్కడైనా మండుతుందా?

పిడతను వెలుతురులోకి తెచ్చింది. బూడిద ఇంత తెల్లగా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా తగిలింది. పట్టుపురుగుల షెడ్డున్న ఇంట్లో ఆ వాసన బట్టలకూ చేతులకూ ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

పిడత చంకన పెట్టుకుని నేరుగా షెడ్డుకు వెళ్లింది. హనుమంతరాయుడు మల్బరీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"దీంట్లో ఏం పోసినావు?"

కత్తి ఆగింది. "దేంట్లో?"

"కండ్లు కనపడలేదా? విత్తనాల పిడతలో."

ఆయన కొమ్మల వైపే చూస్తూ చెప్పాడు. "గ్యాసు వచ్చినాక ఇంట్లో బూడిద యాడుండాది? షెడ్డు కడిగేదానికి కలిపిన సున్నం, బ్లీచింగు మిగిలింటే రెండు గుప్పిళ్లు పోసినా. పురుగు పట్టకుండా ఉంటాదని."

"ఏ రోగమూ బతక్కుండా షెడ్డుకు చల్లేది. అది గింజను బతకనిస్తాదా?"

"అప్పుడు తోచలేదే."

"మరి యాపొద్దు తోచింది?"

హనుమంతరాయుడు మరో కొమ్మ అందుకున్నాడు. తట్టల్లో పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు సన్నటి తుంపరలా వినిపిస్తోంది.

"రెండోసారి మొలవలేదే, ఆ పొద్దు."

"నెల దినాల నుంచి మీయమ్మ నన్ను గొడ్డు చెయ్యి అంటాంది. నువ్వు ఇంటానే ఉండావు."

"నేను అన్లేదు కదా."

"కాదని కూడా అన్లేదు!"

"చెప్తే మాయమ్మ నన్ను బతకనిస్తాదా? ఆ గింజంటే ఆయమ్మకు ప్రాణం. నీకు తెల్దా?"

యాభై ఏళ్లొచ్చినా తల్లికి భయపడే మనిషి, పెళ్లాం మాటలు పడుతుంటే మాత్రం నిశ్చింతగా ఆకు కోసుకున్నాడు. నీలావతి పిడత ఆయన ముందుకు చాపింది.

"ఇంగ ఈ నాలుగూ అంతేనా?"

"అంతే. ఎవురి చెయ్యి పెట్టినా అంతే." ఆయన గొంతు తగ్గింది. "పోయి చెప్పు. రాణిని రావద్దని చెప్పు. ఊరికే ఆయమ్మనెందుకు శ్రమ పెట్టేది?"

నీలావతి చెప్పడానికే బయల్దేరింది. గోడ దగ్గరికి వెళ్లి "అత్తా" అని పిలవబోయింది. అవతల రాణి గొంతు వినిపించి ఆగిపోయింది. సామాన్లు సర్దించడానికి మళ్లీ అటు వెళ్లిన నారాయణమ్మతో మాట్లాడుతోంది.

"అత్తా, నిజంగా అక్కే రమ్మనిందా?"

"నేనేమన్నా అబద్ధం చెప్తానా? ఆయమ్మే పంపించింది."

గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత రాణి అంది. "అయితే ఈ గిన్నెలు మళ్ల సర్దుకుంటాలే. లారీ రాకముందే పోతా."

నీలావతి నోరు మూసుకుంది. నుదురు గోడకు ఆనించి అలాగే నిలబడింది. నిజం చెబితే రాణి రాదు. రాకుండానే లారీ ఎక్కుతుంది. ఆ తర్వాత మిగిలేది తాళం.

పిడతలోంచి నాలుగు గింజలు తీసి, శుభ్రంగా కడిగి, గుడ్డలో పెట్టింది.

*

రాణి అత్త వెనకాలే వీధి చుట్టూ తిరిగి వచ్చింది. పెరటి గుమ్మంలో నిలబడి, లోపలికి రానా అన్నట్టు చూసింది. కొంచెం చిక్కింది. ముందు నుదుటి దగ్గర రెండు వెంట్రుకలు తెల్లబడ్డాయి. అవి ఎప్పుడు తెల్లబడ్డాయో నీలావతికి తెలియదు. అంతకుముందు రాణి గురించి తెలియనిదంటూ లేదు.

"బాగుండావా అక్కా?"

"ఉండా. నువ్వు?"

"ఉండా."

ఇద్దరూ గుంతల దగ్గర కూర్చున్నారు. రాణి మట్టి వైపు చూసింది కానీ వెంటనే ముట్టలేదు. కొంగు బిగించింది. గాజులు పైకి జరుపుకుంది. అప్పుడు చెయ్యి పెట్టింది. రెండు చేతులా మట్టి తీసి, పిసికి, వదిలింది. కళ్లు మూసుకుంది ఒక్క క్షణం.

"ఎరువు శానా వేసినావు" అంది.

"ఎక్కువైందా?"

"సగం తీసెయ్యాల. వేరు కాలిపోతాది. నువ్వు నేర్పిందే కదక్కా."

"మర్సిపోయినా."

"నువ్వు మర్సేదా!" రాణి నవ్వింది. నీలావతికీ నవ్వొచ్చింది. ఐదు నెలల తర్వాత ఆ పెరట్లో ఇద్దరు ఆడవాళ్లు నవ్విన చప్పుడు విని అరుగు మీద నారాయణమ్మ సుత్తి ఆపింది.

మొదటి గింజ తీసుకుని రాణి వేళ్ల మధ్య తిప్పి చూసింది. ముక్కు కిందికి పెట్టి బొటనవేలితో నొక్కింది. మట్టి కప్పి అరచేత్తో మెల్లగా తట్టింది, పసిపిల్లను జోకొట్టినట్టు.

"కొత్తిల్లు ఎట్లుండాది?"

"మిద్దె మీదక్కా. కింద అంగళ్లు. మన్ను లేదు." రెండోది పెట్టింది. "బాల్కనీలో రెండు కుండీలు పెట్టుకోవచ్చని ఇంటాయన చెప్పినాడంట."

"పెట్టుకో. కరివేపాకన్నా పెట్టుకో."

"ఏమో." మూడోది పెట్టింది. "నిఖిత అడిగింది, పెద్దమ్మ రాదా మనింటికి అని. ఏం చెప్పల్లో తెలీక బడికి టైమైంది పో అన్నా."

నీలావతి గుడ్డను గుప్పిట్లో బిగించింది. వస్తానని చెప్పాలి. కానీ ఎవరు రమ్మన్నారని చెప్పాలి? నాలుగో గింజ గుడ్డలోనే ఉండిపోయింది. రాణి చెయ్యి చాపింది.

"ఇయ్యక్కా."

ఇచ్చింది.

రాణి దాన్నీ పెట్టి, మట్టి కప్పి, చెంబుతో నీళ్లు వేళ్ల సందుల్లోంచి జల్లింది. లేవకుండా అలాగే కూర్చుని నెమ్మదిగా అంది.

"అక్కా, ఒక మాట. ఇవి మొలిస్తే నాకు ఫోన్ చెయ్యి. చేస్తే ఆ పొద్దే బస్సెక్కి వస్తా. ఎవురేమనుకున్నా వస్తా. మొలవకుంటే చెయ్యొద్దు."

"ఎందుకట్ల?"

"దీపావళి నాడు నువ్వు చెప్పిందే నిజమనుకుంటా. మగ్గం కాడ పుట్టినదాన్ని, నాకెందుకు మన్నుతో పని? పద్నాలుగేళ్లు ఏదో కలిసొచ్చిందిలే అనుకుని ఊరుకుంటా. కుండీలు కూడా పెట్టను."

కోపంగా చెప్పలేదు. చాలా రోజుల కిందటే తేల్చుకున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. తడిచేతులు దులుపుకుని లేవబోయింది.

వీధిలో లారీ వచ్చి ఆగింది.

"కూర్చో రాణీ." నీలావతి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆ గింజలు చచ్చిపోయినాయి. నీ చేతిదేం లేదు. ఆ పొద్దు నేనన్నది పాపిష్టి మాట, పిచ్చి మాట. నీ చెయ్యి బంగారం. మీ బావ బూడిద బదులు షెడ్డు సున్నం పోసినాడు పిడతలో. అన్నీ చచ్చినాయి. ఎవురు పెట్టినా మొలవవు."

రాణి గుంతల వైపు చూసింది. తర్వాత తన మణికట్టు మీది చేతి వైపు.

"నీకు యాపొద్దు తెలిసింది?"

"ఇప్పుడే. నువ్వు వచ్చేకి కొంచెం ముందు."

"తెలిసే నా చేతికిచ్చినావా? నాలుగూ?"

"ఊఁ."

"ఎందుకక్కా?"

నీలావతికి అబద్ధం తోచలేదు. కన్నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"కాసేపు కూర్చుంటావని."

లారీ హారన్ కొట్టింది. గోడ అవతల నుంచి రవికుమార్ "రాణీ! టైమైపోతాంది, బిన్నా రా!" అని కేకేశాడు. అరుగు మీద నారాయణమ్మ లేచి నిలబడింది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

రెండోసారి హారన్ మోగింది. రాణి మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేవలేదు. నీలావతి వైపు చూడనూ లేదు.